ద్రాక్షతోటల గుట్టలు, కాలువ గట్లు: స్ట్రాస్‌బర్గ్ చుట్టుపక్కల కార్ల గోల లేని సైకిల్ దారులు చెప్పండి

బాదెన్ బండి (కార్ల్స్‌రూ)

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఒక శని, ఆదివారం నేనూ మా ఆవిడా సైకిళ్ల మీద ఫ్రాన్స్‌లోని అల్సాస్ వైపు పోదామనుకుంటున్నాం. ఇద్దరివీ రోడ్డు బైకులే, టైర్లు 28 మి.మీ. వెడల్పు. నాకు గుట్టలెక్కడం సరదా. ఆవిడకీ ఎక్కడం పెద్ద ఇబ్బంది కాదు గానీ, వెనక కారు వస్తుంటే మాత్రం టెన్షన్. నెట్‌లో ఎక్కడ వెతికినా "వైన్ రూట్" అనే వస్తోంది. ఆ వీడియోల్లో చూస్తే బస్సులు, క్యారవాన్లు, వాటి మధ్య పాపం ఒక సైకిలాయన.

కాలువ గట్టు మీద కొంత, తోటల మధ్య కొంత, రోజుకి 70 కి.మీ. దాటకుండా ఏదైనా దారి ఉందా? రాత్రి ఎక్కడ ఆగాలి? ఆవిడ శాకాహారి, ఆ సంగతి కూడా ఎవరైనా చెబితే పుణ్యం.

రైన్ గట్టు (స్ట్రాస్‌బర్గ్)

మీరు చూసిన వైన్ రూట్ కార్లవాళ్ల కోసం పెట్టింది. 1953లో మొదలుపెట్టారు, ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన థాన్ దాకా సుమారు 170 కి.మీ. అందులో చాలా భాగం డి35 రోడ్డు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే, కానీ శనివారం మధ్యాహ్నం దాని మీద సైకిల్ తొక్కమని నేనెవరికీ చెప్పను.

మీక్కావలసింది దాని పక్కనే, కాస్త పైనా కిందా తిరుగుతూ పోయే "వెలోరూట్ ద్యు వీన్యోబ్ల్", అంటే ద్రాక్షతోటల సైకిల్ దారి. యూరప్ దేశాల్ని కలిపే యూరోవెలో సైకిల్ దారుల్లో 5వ నంబరు కూడా అదే. పచ్చ అక్షరాల చిన్న బోర్డులుంటాయి. చాలావరకు రైతులు ట్రాక్టర్లు తోలుకునే తోట దారులే. కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల కాంక్రీటు పలకలు. పలకల మధ్య అతుకుల దగ్గర రోడ్డు బైకు టకటకమంటుంది, అంతే. 28 టైరు చాలు, గాలి మాత్రం రాయిలా కొట్టకండి.

ఇక కాలువ. స్ట్రాస్‌బర్గ్ నుంచి మోల్స్‌హైమ్ వైపు బ్రూష్ కాలువ ఉంది. 1682లో వోబాన్ తవ్వించాడు. పద్నాలుగో లూయీ దగ్గర కోటలు కట్టిన ఇంజనీరు. స్ట్రాస్‌బర్గ్ కోటకి రాయి కావాలి, రాయేమో వోల్క్స్‌హైమ్, సూల్జ్ దగ్గర క్వారీల్లో ఉంది. బళ్ల మీద తోలేబదులు 20 కి.మీ. కాలువ తవ్వి పడవల మీద దింపుకున్నాడు. 1957లో పడవలు ఆపేశారు. పడవలు లాగడానికి వేసిన ఆ గట్టే ఇప్పుడు సైకిల్ దారి. ఊళ్లోంచి బయటపడటానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు: మోంతాన్ వెర్త్ దగ్గర గట్టెక్కితే మోల్స్‌హైమ్ ముంగిట దిగొచ్చు.

దారిలో పాత లాకులు వస్తాయి, పడవల్ని ఎక్కించి దింపే నీటి తలుపులు. లాకు దగ్గర దారి ఒక్కసారి చిన్న మెట్టులా లేస్తుంది, పక్కనే లాకు కాపరి ఉండే ఇల్లు. వంతెనల కింద నీడ ఉన్నచోట నాచు పడుతుంది, వాన మర్నాడు అక్కడ బ్రేకు వెయ్యకండి. ఇంకొకటి, చేపలు పట్టేవాళ్లు. పొడుగాటి గేలపు కర్ర వెనక్కి లాగితే అది దారికి అడ్డంగా, సరిగ్గా మీ ఛాతీ ఎత్తున వస్తుంది. దూరం నుంచే గంట కొట్టండి, ఒక "బోంజూర్" పారెయ్యండి, ఆయనే ఎత్తి పట్టుకుంటాడు.

అత్తిలి ఆడపడుచు (స్ట్రాస్‌బర్గ్)

రైన్ గట్టు అన్నయ్య చెప్పిందంతా నిజమే గానీ ఒక్కటి దాచిపెట్టారు. బ్రూష్ కాలువ మీద ఆదివారం మధ్యాహ్నం మేమంతా ఉంటాం! చిన్న సైకిళ్ల పిల్లలు, కుక్కలు, స్కేటింగ్ వాళ్లు, తాతయ్యలు. దారి వెడల్పు కూడా అంతంతే. 25 వేగంతో వచ్చే రోడ్డు బైకుల్ని చూస్తే మా చిన్నోడు బెదిరిపోయి సరిగ్గా వాటికి అడ్డమే వస్తాడు. పొద్దున తొమ్మిదిలోపు దాటెయ్యండి, కాలువంతా మీదే.

కోల్బ్‌స్‌హైమ్ దగ్గర కొత్త హైవే వంతెన ఒకటి కాలువ మీదుగా పోతుంది. ఆ రోడ్డు వద్దని అక్కడ ఏళ్ల తరబడి గొడవ చేశారు, అయినా 2021 డిసెంబరులో తెరిచారు. దాని కింద కాసేపు మోత ఉంటుంది. అది దాటితే మళ్లీ బాతులే.

మోల్స్‌హైమ్ చేరకముందు అవోల్స్‌హైమ్‌లో పొలాల మధ్య దోమ్‌పీటర్ అని పాత చర్చి ఒకటి ఉంది. అల్సాస్‌లో మిగిలిన అతి పాత చర్చిల్లో ఒకటి. దారి నుంచి కొంచెం పక్కకి వెళ్లాలి, చెట్టు నీడ బాగుంటుంది. మేం పులిహోర డబ్బా విప్పేది అక్కడే.

గేర్ లేని గురుడు (స్టుట్‌గార్ట్)

కాలువ కాలువ అంటారేంటండీ అందరూ. ఒక పక్క నీళ్లు, ఒక పక్క చెట్లు, ముందు చూస్తే గీత గీసినట్టు దారి. పది కిలోమీటర్లు పోయాక కూడా పది కిలోమీటర్ల కిందట చూసిందే కనిపిస్తుంది. ఎదురుగాలి తగిలితే దాక్కోడానికి చోటు లేదు, దిగుడు లేదు, పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతుంది. రెండు రోజులే ఉన్నప్పుడు అందులో సగం గట్టు మీద ఎందుకు పోగొట్టుకోవాలి? రైలెక్కి సెలెస్టాలో దిగండి, అక్కడి నుంచి బెర్గ్‌హైమ్, రిబోవిలే, ఊనవీర్, రిక్విర్, కాయిజెర్స్‌బెర్గ్, కోల్మార్. గుట్టలన్నీ అక్కడే, అందమంతా అక్కడే.

రైన్ గట్టు (స్ట్రాస్‌బర్గ్)

> పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతుంది

గురుడు గారూ, మీది ఫిక్సీ కదా, చక్రంతో పాటే పెడల్ తిరిగే సైకిల్, మీకు ఎక్కడైనా అంతే.

మీరు చెప్పిన ఊళ్లు అందమైనవి కావని ఎవరన్నారు? కానీ రిక్విర్ నడి వీధిలో సెప్టెంబరు శనివారం పదకొండు తర్వాత సైకిల్ దిగి నెట్టుకోవలసిందే. రాళ్లు పరిచిన వీధి, దాని నిండా జనం. ఆయన అడిగింది "కార్ల గోల లేని" దారి. దానికి సెలెస్టాకి ఉత్తరం వైపే మేలు: బార్, మిట్టెల్‌బెర్గ్‌హైమ్, ఇట్టర్స్‌విలర్, దంబాక్, షెర్‌విలర్. ఇవీ అవే తోటలు, అవే చెక్క దూలాల ఇళ్లు. టూర్ బస్సులు మాత్రం చాలావరకు దక్షిణానికే పోతాయి.

మిట్టెల్‌బెర్గ్‌హైమ్ సంగతి ఒక్కటి చెప్పాలి. బార్ దాటగానే పొట్టి ఎక్కుడు ఒకటి, పొడుగు తక్కువ గానీ నిటారు. పైకి చేరితే ఎడమన మైదానం అంతా రైన్ నది దాకా కనిపిస్తుంది, గాలి తేటగా ఉంటే అవతల జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండలు కూడా. అక్కడి వాలునే జోట్సెన్‌బెర్గ్ అంటారు. అల్సాస్‌లో మేలైన తోటలకిచ్చే "గ్రాఁ క్రూ" పేరున్న వాటిల్లో సిల్వానెర్ రకం ద్రాక్షకి అనుమతి ఉన్నది అదొక్కటే, 2005 నుంచి. మామూలుగా రీస్లింగ్, గెవుర్త్స్‌ట్రామినర్, పినో గ్రీ, మస్కట్ ఈ నాలుగింటికే ఆ పేరు ఇస్తారు. సిల్వానెర్‌ని చవక రకమని చిన్నచూపు చూసేవాళ్లు. ఈ ఊరి రైతులు పట్టుబట్టి సాధించుకున్నారు. అందుకే నాకీ ఊరంటే కాస్త పక్షపాతం, దాచుకోను.

లంక కుర్రాడు (అమలాపురం)

గేర్ లేని గురుడు గారికి కాలువ గట్టు విలువ తెలియనట్టుంది. మాది కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక కాటన్ దొర కాలవలే మాకు రోడ్లు, పడవలు కూడా వాటిల్లోనే. లాకులు, లాకు బంగళా, గట్టు మీద చెట్లు... రైన్ గట్టు గారు రాసింది చదువుతుంటే మా గన్నవరం అక్విడక్టు కళ్లముందు కనిపించింది. ఇప్పుడు గట్టు మీద తారు వేశారు గానీ ఇసుక ట్రాక్టర్లు, ఆటోలు, పొద్దున్నే స్కూల్ బస్సులు. సైకిల్‌కి తెల్లారి ఐదు నుంచి ఏడే టైము.

ఒక్క సందేహం. అక్కడ గట్టు మీదకి మోటారు సైకిళ్లు నిజంగా రావా? ఎవరు ఆపుతారు?

అత్తిలి ఆడపడుచు (స్ట్రాస్‌బర్గ్)

తమ్ముడూ, మనూరి దగ్గర్లోని వాడివే! రోడ్డు దాటే ప్రతిచోటా దారికి అడ్డంగా గొట్టాలు పాతుతారు, వంకరగా సందు వదిలి. కారు దూరదు. మోపెడ్ దూరుతుంది, కుర్రాళ్లు అప్పుడప్పుడు దూరుస్తారు కూడా. కానీ చాలా తక్కువ. ఆ గొట్టాల దగ్గర చూసుకుని వెళ్లాలి, ముందువాళ్ల చక్రం అంటుకుని పోతుంటే కనబడవు.

నంది కొండ (బెంగళూరు)

బెంగళూరులో ఉన్నవాళ్లకి మా నంది హిల్స్ వైపు కూడా ద్రాక్షతోటలే. చిక్కబళ్లాపూర్, దొడ్డబళ్లాపూర్ మధ్య ఊరి రోడ్లు. బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్ష పందిళ్లు. కొండ మీదికి వద్దు, వారాంతంలో కార్లు బారులు. కింద చుట్టూ తిరిగే రోడ్లు బాగుంటాయి. అదీ ఒక థ్రెడ్ పెడదామా?

నిర్వాహకుడు

పెట్టండి, కర్ణాటక విభాగంలో వేరే థ్రెడ్. ఇక్కడ అల్సాస్, రైన్ పరిసరాలే.

ఫ్రైబర్గ్ పిట్ట (ఫ్రైబర్గ్)

రైన్ పరిసరాలు అన్నారు కాబట్టి జర్మనీ ఒడ్డు మాట కూడా వేస్తున్నాను. కైజర్‌స్టూల్. రైన్ మైదానంలో ఒంటరిగా నిలబడ్డ పాత అగ్నిపర్వతపు గుట్టలు. అన్నిటికంటే ఎత్తయిన టోటెన్‌కోప్ఫ్ 557 మీటర్లే. రాయి మీద గాలి మోసుకొచ్చిన పసుపు మట్టి, లోయెస్ అంటారు, మందంగా పేరుకుంది. మెత్తటి మట్టి కాబట్టి బళ్లు నడిచి నడిచి దారులు లోతుగా కోసుకుపోయాయి. కొన్నిచోట్ల రెండు పక్కలా మనిషి ఎత్తుకి మించిన మట్టిగోడలు. ఆ గోడల్లో మే నుంచి ఆగస్టు దాకా పసిరిక పిట్టలు బొరియలు చేసుకుంటాయి. మన పొలాల్లో కరెంటు తీగల మీద వాలే పచ్చ పసిరికలకి చుట్టాలే, రంగులు ఇంకా ఎక్కువ. సెప్టెంబరుకి ఆఫ్రికా వెళ్లిపోతాయి, మీకు దొరకవు.

కీఖ్లిన్స్‌బెర్గెన్ నుంచి ఒబెర్‌బెర్గెన్‌కి టెక్సాస్ పాస్ అని ఒక ఎక్కుడుంది. మెట్లు మెట్లుగా చెక్కిన తోటల మధ్య మెలికలు. మోటారు సైకిళ్లవాళ్లకీ అదంటే ప్రాణం, అందుకని వారాంతం మధ్యాహ్నం వద్దు. పొద్దున పూట మాత్రం నాకు అల్సాస్ కంటే ఇదే ఇష్టం.

బ్రైజాఖ్‌లో వంతెన దాటితే ఫ్రాన్స్. నఫ్ బ్రిజాక్ అని ఎనిమిది మూలల కోట ఊరు, అదీ వోబాన్‌దే, 1698లో మొదలుపెట్టారు. ఆయన మిగతా కోటలతో కలిపి 2008లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడి నుంచి కోల్మార్ దాకా చదునే.

గేర్ లేని గురుడు (స్టుట్‌గార్ట్)

చూశారా, అందరూ గుట్టలకే ఓటు.

బాదెన్ బండి (కార్ల్స్‌రూ)

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. మా ఆవిడ ఇప్పుడే మొత్తం చదివి "కాలువ ఉండాల్సిందే" అంది. గురుడు గారూ, క్షమించాలి, ఇంట్లో మెజారిటీ ఆమెదే. ఉత్తరం వైపే ఖాయం చేస్తున్నాం. కొన్ని ప్రశ్నలు మిగిలాయి:

సెప్టెంబరులో ద్రాక్ష కోతలు కదా, తోట దారులు మూసేస్తారా? మాకు డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ లోకల్ రైళ్ల నెల పాస్) ఉంది, అది స్ట్రాస్‌బర్గ్ దాకా పనిచేస్తుందా? రెండో రోజు వచ్చిన దారినే వెనక్కి రాకుండా ఇంకోదారి ఉందా? ఫ్రాన్స్‌లో సైకిల్‌కి ఏవైనా వేరే రూల్సున్నాయా?

రైన్ గట్టు (స్ట్రాస్‌బర్గ్)

టికెట్ కేల్ దాకానే. కేల్‌లో దిగి సైకిలెక్కండి. రైన్ మీద నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే 2004లో కట్టిన వంతెన ఉంది, దాటితే ఫ్రాన్స్. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డు ఐదారు కిలోమీటర్లు, అంతా సైకిల్ దారే.

కోతలు క్రెమాఁ కోసం ముందు మొదలవుతాయి, ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో. బుడగల వైన్ అది. దానికి చేత్తోనే కొయ్యాలని నియమం, కాబట్టి తోటల్లో మనుషులు ఎక్కువ. దారి పక్కన వ్యాన్లు, గంపలు, గంపలెత్తుకునే కుర్రాళ్లు. దారులన్నీ మూసెయ్యరు గానీ ఎక్కడైనా "కోతలు జరుగుతున్నాయి, రావద్దు" అని బోర్డు కనిపిస్తే గౌరవించి కిందికి దిగిపొండి. ట్రాక్టరు ఎదురైతే ఆగి పక్కకి జరగాల్సింది మీరే. వాళ్లకి ఏడాది పంట, మనకి వారాంతపు సరదా. వాన పడితే చక్రాల నుంచి రాలిన మట్టి మలుపుల్లో జారుతుంది, చూసుకోండి. తోట అంచు గుత్తి ఒకటి తెంపితే ఏమవుతుందిలే అనుకోవద్దు. తెంపకూడదు.

మొదటి రోజు: కేల్, స్ట్రాస్‌బర్గ్, బ్రూష్ కాలువ, మోల్స్‌హైమ్, రోస్‌హైమ్, ఒబెర్నై, బార్, దంబాక్, షెర్‌విలర్, సెలెస్టా. కేల్ నుంచి లెక్కేస్తే 70 కొంచెం దాటుతుంది. ఎక్కుళ్లన్నీ మోల్స్‌హైమ్ తర్వాతే, కాళ్లు వేడెక్కాక. ఎవరికైనా ఓపిక అయిపోతే భయం లేదు, మోల్స్‌హైమ్, ఒబెర్నై, బార్, దంబాక్ అన్నిట్లో రైలు స్టేషన్లున్నాయి, అదే లైను సెలెస్టాకి పోతుంది. ఈ టీఈఆర్ (ప్రాంతీయ) రైళ్లలో సైకిల్‌కి వేరే డబ్బు అడగరు, జాగా ఉంటే ముందు చక్రం కొక్కేనికి తగిలించడమే.

రాత్రి సెలెస్టా. కోల్మార్ అంత ఖరీదు కాదు, అంత రద్దీ కాదు. అక్కడి హ్యూమనిస్ట్ లైబ్రరీలో బెయాటుస్ రెనానుస్ అనే పండితుడి సొంత పుస్తకాలున్నాయి, ఐదు వందల ఏళ్ల నాటివి. క్రిస్మస్ చెట్టు ప్రస్తావన ఉన్న 1521 నాటి లెక్కల కాగితం కూడా ఈ ఊరిదే.

రెండో రోజు తూర్పుకి, పొలాల మధ్య చదునుగా ఇరవై కిలోమీటర్ల లోపు పోతే రోన్-రైన్ కాలువ తగులుతుంది. 1830ల్లో పూర్తయిన కాలువ. రైన్ పక్కన పెద్ద కాలువ వచ్చాక ఇందులో సరుకు పడవలు ఆగిపోయాయి. గట్టెక్కి ఉత్తరంగా తిరిగితే బూఫ్ట్‌స్‌హైమ్, క్రాఫ్ట్, ప్లోబ్స్‌హైమ్ మీదుగా స్ట్రాస్‌బర్గ్. ఇది యూరోవెలో 15. కొన్నిచోట్ల చెట్ల వేళ్లు తారుని పైకి లేపాయి, చేతులు హ్యాండిల్ మీద గట్టిగా ఉంచండి. ఉత్తరగాలి ఉన్న రోజైతే గురుడు గారి మాట గుర్తొస్తుంది, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు సెలెస్టా నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి రైలెక్కెయ్యండి, సిగ్గుపడనక్కర్లేదు.

అత్తిలి ఆడపడుచు (స్ట్రాస్‌బర్గ్)

రూల్స్ నేను చెబుతా. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల ఫైను, ఒక్క చెవిలో పెట్టినా అంతే. ఊరి బయట చీకట్లో రిఫ్లెక్టర్ జాకెట్ తప్పనిసరి. హెల్మెట్ పన్నెండేళ్లలోపు పిల్లలకే చట్టం, అయినా మీరూ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం: ఊళ్లలో బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడిదే ముందు దారి. సందులోంచి ట్రాక్టరు చటుక్కున వస్తుంది, ఆగాల్సింది మీరే.

తిండి: ఫ్లామ్‌కూష్ అని పల్చటి రొట్టె, దాని మీద మీగడ, ఉల్లి, పందిమాంసం ముక్కలు. "సాఁ లార్దోఁ" అని అడిగితే ముక్కలు వెయ్యరు, పుట్టగొడుగులతో కూడా చేస్తారు. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మూడింటికి ఆకలేస్తోందంటే ఎవరూ జాలిపడరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి దుకాణాలూ ఉండవు. శనివారం సాయంత్రమే పళ్లు, బ్రెడ్డు కొని పెట్టుకోండి.

నీళ్లు: ఊరి మధ్య ఫౌంటెన్ మీద "నాన్ పోటాబ్ల్" అని ఉంటే తాగకూడదు. ఇక్కడి సైకిలువాళ్లు శ్మశానంలో కుళాయి దగ్గర సీసా నింపుకుంటారు, పువ్వులకి నీళ్లు పొయ్యడానికి పెట్టిన కుళాయి. మా అత్తగారు వచ్చినప్పుడు ఇది చూసి రెండు రోజులు నా సీసా ముట్టుకోలేదు. మీకూ పట్టింపు ఉంటే తలా రెండు సీసాలు మోసుకోండి.

ఫ్రైబర్గ్ పిట్ట (ఫ్రైబర్గ్)

కొంగల గురించి ఎవరూ చెప్పలేదేం! అల్సాస్‌లో 1970ల్లో తెల్ల కొంగలు పది జంటలు కూడా మిగల్లేదు. ఊనవీర్‌లో కేంద్రం పెట్టి పెంచి వదిలితే మళ్లీ నిండాయి. సెప్టెంబరుకి చాలావరకు వలస వెళ్లిపోయినా కొన్ని ఏడాదంతా ఉండిపోతాయి. దున్నిన పొలాల్లో ట్రాక్టరు వెనకాల నడుస్తుంటాయి, చూడండి.

గేర్ లేని గురుడు (స్టుట్‌గార్ట్)

అసలు విషయం ఎవరూ అడగట్లేదు. ద్రాక్షతోటల మధ్య రెండు రోజులు తిరిగి ఒక్క గ్లాసు కూడా ముట్టుకోకూడదా?

రైన్ గట్టు (స్ట్రాస్‌బర్గ్)

సైకిల్‌కీ కారుకీ పరిమితి ఒకటే ఇక్కడ, లీటరు రక్తానికి 0.5 గ్రాములు. సెలెస్టాలో సైకిల్ గదిలో పెట్టి తాళం వేశాక మీ ఇష్టం. సెప్టెంబరు చివర్లో అయితే అప్పుడే పులుస్తున్న కొత్త వైన్ దొరుకుతుంది, తియ్యగా ఉంటుంది, అక్రోట్లతో ఇస్తారు. మూత బిగించని సీసాలో అమ్ముతారు, లోపల ఇంకా పొంగుతుంటుంది కాబట్టి. దాన్ని బ్యాగులో పడుకోబెట్టి తెచ్చుకోవాలని మాత్రం చూడకండి.

బాదెన్ బండి (కార్ల్స్‌రూ)

సైకిల్ గదిలో అన్నారు కదా, అదే నా భయం. పోయిన వేసవిలో వేరే ఊళ్లో ఒక హోటల్‌వాళ్లు బుకింగ్‌లో "సైకిళ్లకి చోటు ఉంది" అని రాసి, తీరా వెళ్తే పెరట్లో చెత్త డబ్బాల పక్కన కంచెకి కట్టుకోమన్నారు. రాత్రంతా నిద్ర లేదు.

రైన్ గట్టు (స్ట్రాస్‌బర్గ్)

ఫ్రాన్స్‌లో "అక్కేయ్ వెలో" అని ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. అది ఉన్న బసల్లో మూసి తాళం వేసే చోటు, రిపేరు సామాను ఉండాలని నియమం. ఆ గుర్తు ఉన్నవాటిల్లోనే వెతకండి. అయినా ముందురోజు ఫోన్ చేసి "గరాజ్ ఫెర్మే?" అని అడగండి, మూసిన షెడ్డా అని. అవునంటేనే ఖాయం చెయ్యండి. కోతల సీజన్ కాబట్టి గదులు త్వరగా అయిపోతాయి, ఈ వారమే చూసుకోండి.

బాదెన్ బండి (కార్ల్స్‌రూ)

రెండు దొరికాయి, ఒకటి స్టేషన్ పక్కనే, ఒకటి షెర్‌విలర్‌లో. ఆవిడ షెర్‌విలర్ అంటోంది. దారి గీత ఉండే జీపీఎక్స్ ఫైల్ ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

అత్తిలి ఆడపడుచు (స్ట్రాస్‌బర్గ్)

షెర్‌విలరే తీసుకోండి, ఊరి మధ్యలోంచి వాగు పోతుంది. ఫైల్ పంపించా, ఇన్‌బాక్స్ చూసుకోండి. అందులో రోస్‌హైమ్ దగ్గర గీత మెయిన్ రోడ్డు మీద పడింది, అక్కడ మాత్రం ఫైల్ వదిలేసి బోర్డులు పట్టుకుని పొండి.